మోకు జారినవాణ్ణి చేతుల మీద ఎత్తకండి: గీత సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

మా జిల్లా గీత పారిశ్రామిక సహకార సంఘాల అధ్యక్షులకు, గీత కార్మిక సంఘాల నాయకులకు, మండువల దగ్గర (కల్లు దించి అమ్మే చోట) కూర్చునే పెద్దమనుషులకు నమస్కారం.

నేను కల్లుగీత కార్మికుడి కొడుకుని. చెట్టెక్కడం రాదు, మా నాయన నేర్పలేదు. మండల కేంద్రంలో మీసేవ నడుపుకుంటున్నాను. మీలో చాలామంది పింఛన్ల పనికో, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపు స్లాట్ల కోసమో నా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లే. అక్కడ లైన్లో నిలబడ్డప్పుడు ఇంత మాట్లాడుకునే వీలుండదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

మా నాయన తాటిచెట్టు మీంచి పడి పదకొండేళ్లయింది. ఆ రోజు మధ్యాహ్నం వాన పడి వెలిసింది. చెట్టు తడిగా ఉంది, సాయంత్రం గీతకు పోవద్దని అమ్మ అన్నది. కల్లు లొట్లు నిండి పొర్లిపోతాయని ఆయన వెళ్లాడు. దాదాపు ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్న చెట్టే. దిగేటప్పుడు, నడుముకూ చెట్టుకూ చుట్టుకునే తాడు, మోకు జారింది. ముప్పై అడుగుల ఎత్తు నుంచి పొలం గట్టు మీద, పిర్రల మీద పడ్డాడు.

ఇక్కడి నుంచి జరిగింది మీ అందరికీ తెలిసిందే. ప్రతి ఊళ్లోనూ ఇలాగే జరుగుతుంది. పక్క చెట్ల మీదున్న వాళ్లు దిగి ఉరికివచ్చారు. నాయనకు స్పృహ ఉంది, నీళ్లడిగాడు. కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి అన్నాడు. కుడికాలి వేళ్లు కదిలించడం తన కళ్లతో చూశానని మా బాబాయి ఇప్పటికీ అంటాడు. నలుగురు కలిసి ఎత్తారు. ఇద్దరు చంకల కింద చేతులు వేశారు, ఇద్దరు మోకాళ్ల దగ్గర పట్టుకున్నారు. నడుము మధ్యలో వేలాడింది. అలాగే గట్టు మీదుగా రోడ్డు దాకా మోసుకొచ్చి, ప్యాసింజర్ ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. పద్నాలుగు కిలోమీటర్లు. బడి దగ్గర స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడు ఒక్క కేక పెట్టాడట. కాసేపటికి తల వంచి కిందికి చూసుకుంటూ అడిగాడట: "నా కాళ్లేవిరా?"

కాళ్లు అక్కడే ఉన్నాయి. ఆయనకు తెలియలేదు, అంతే.

ఆ కాళ్లు చెట్టు మీంచి పడ్డప్పుడు పోయాయా, ఆటోలో పోయాయా? ఒక డాక్టరును సూటిగా అడిగాను. "అది ఎవరం చెప్పలేం బాబూ" అన్నాడు. నిజమే, చెప్పలేరు. ఎత్తినవాళ్లు పరాయివాళ్లు కాదు, ప్రాణం కాపాడాలని చెమటలు కక్కుకుంటూ మోసిన మనవాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. మా బాబాయి ఇప్పటికీ మా ఇంటికొస్తే నాయన కాళ్ల వైపు కూర్చోడు, తల వైపు కూర్చుంటాడు. ఆ బాధ ఇంకో బాబాయికి రావద్దు.

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. ఎముకల పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే, వాటి మధ్య బోలులోంచి మెదడు నుంచి నడుము దాకా దిగే తీగ వెన్నుపాము. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. లేత ముంజలాగా మెత్తన. కాలు కదపమని మెదడు చెప్పే మాట దాంట్లోంచే కిందికి దిగుతుంది, కాలికి ముల్లు గుచ్చుకుందన్న కబురు దాంట్లోంచే పైకి పోతుంది. ఎత్తు నుంచి పడితే పూస విరుగుతుంది. పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము తెగినట్టు కాదు. చాలామందికి తెగదు, నలుగుతుంది, వాస్తుంది. కొంత భాగం ఇంకా బతికే ఉంటుంది. అలాంటప్పుడు నడుము వంచినా, మెలిపెట్టినా విరిగిన ఎముక ముక్క పోయి ఆ మిగిలిన భాగాన్ని నొక్కుతుంది. ఎముక అతుక్కుంటుంది. వెన్నుపాము అతుక్కోదు. ఈ రెండో మాట మాకు ఆపరేషన్ అయిన చాలా రోజుల దాకా ఎవరూ చెప్పలేదు.

అందుకే మొదటి విన్నపం ఎత్తే పద్ధతి గురించి. పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టకండి. నీళ్లు తాగించకండి, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా ఆపరేషన్ అవసరం పడవచ్చు. తేనెటీగలు ముసురుతున్నాయనో, నీళ్లలో పడ్డాడనో తప్ప ఆ చోటు నుంచి కదపకండి. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తలను మెడకు నేరుగా, కదలకుండా పట్టుకోవాలి. ఆ పట్టు 108 వచ్చేదాకా వదలొద్దు. ఇంకొకరు ఫోన్ చేయాలి. వెన్ను మీద దెబ్బ తగిలిందని, మనిషిని కదలకుండా పడుకోబెట్టే గట్టి పలక కావాలని ఫోన్‌లోనే చెప్పాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ బండి ఇప్పుడు పల్లెలకూ వస్తుంది. ఆ రోజు మేం ఫోన్ చేయలేదు. లేటవుతుందేమోనన్న టెన్షన్.

ఒకవేళ బండి నిజంగానే రాదు, మనమే తీసుకెళ్లాలి అనుకుంటే చెక్క తలుపు కావాలి. లేదంటే గట్టి బల్ల. మనిషిని దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి. తల, భుజాలు, నడుము, కాళ్లు అన్నీ ఒకేసారి, ఒకే మాట మీద. తల పట్టుకున్నవాడే "ఒకటి, రెండు, మూడు" అనాలి, మిగతావాళ్లు ఆ మాటకే కదలాలి. కనీసం ఐదుగురుండాలి. తిప్పిన వీపు కిందికి తలుపు జరిపి, మళ్లీ అంతే నిదానంగా వెల్లకిలా దించాలి. తలకు ఇరుపక్కలా తువ్వాళ్లు చుట్టి ఆనించాలి. ఆ తర్వాత మనిషిని తలుపుకు కట్టేయాలి. కట్టడానికి తాడు వెతుక్కోనక్కర్లేదు, చెట్టు దగ్గర మోకులు ఉండనే ఉంటాయి. ఛాతీ దగ్గర, తుంటి దగ్గర, మోకాళ్ల పైన కడితే చాలు, ఊపిరి ఆడేంత వదులుండాలి. ఆటోలో సీటు మీద కాదు, ట్రాలీలో పడుకోబెట్టి తీసుకుపోవాలి. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడి పని ఒక్కటే, "మెల్లగా" అంటూ ఉండటం.

ఇది నేర్చుకోవడానికి అరగంట చాలు. ఇన్నేళ్లలో ఏ సంఘం మీటింగులోనైనా ఆ అరగంట కేటాయించారా?

తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్లు తెచ్చింది. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి వాటిని ప్రారంభించారు. మోకు జారినా మనిషిని ఆపే ఏర్పాటు అది, మంచి పని. వేసుకుంటే చెట్టుకు ఎక్కువ సేపు పడుతుందని, అలవాటు లేదని కొందరు ఇంట్లో కొయ్యకు తగిలించారు. వాళ్లతో నేను వాదించను. ఒక్కసారి మా ఇంటికొచ్చి మా నాయనతో గంటసేపు కూర్చుని పొమ్మంటాను.

ఇక రెండో సంగతికొస్తాను. నా మనసులో ఎక్కువ రోజులుగా నలుగుతున్నది ఇదే. పేపర్లో "మోకు జారి గీత కార్మికుడు మృతి" అని వస్తే మనం అందరం పోతాం. దండ వేస్తాం, ఎక్స్‌గ్రేషియా కోసం ధర్నా చేస్తాం. "గీత కార్మికుడికి తీవ్ర గాయాలు" అని వస్తే, అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ తీవ్ర గాయాలైన మనిషి తర్వాత ఏమయ్యాడో ఏ పేపర్లోనూ రాదు. నేను చెప్తాను.

మా నాయనకు డీ11 పూస, అంటే వీపు కింది భాగంలోని పూస, నుజ్జయింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో రాడ్లు, స్క్రూలు వేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, అందులో వంక పెట్టడానికి లేదు. రాడ్లు వేశారంటే ఇక నడుస్తాడనే మేం అనుకున్నాం. రాడ్లు ఎముకను నిలబెట్టడానికి, మనిషిని నిలబెట్టడానికి కాదని తర్వాత అర్థమైంది. పన్నెండో రోజు మూత్రం గొట్టంతో, మందుల చీటీతో ఇంటికి పంపారు. చీటీ కింద ఇంగ్లిష్‌లో "ఫిజియోథెరపీ" అని ఒక్క మాట. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో కూడా, ఆ హడావిడిలో మా చెవికెక్కలేదేమో. రాసి మాత్రం ఇవ్వలేదు.

మూడు వారాలకు తోకెముక దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపించింది. నొప్పి లేదన్నాడు. నొప్పి ఎలా ఉంటుంది, ఆ కబురు పైకి పోయే తీగే లేదాయె. పసుపు రాశాం. నాలుగో రోజు స్నానం చేయిస్తుంటే ఆ నల్లటి తోలు ఊడిపోయి లోపల గుంత బయటపడింది. నా రెండు వేళ్లు పట్టేంత లోతు. అడుగున తెల్లగా కనిపించింది ఎముక. నా వయసు అప్పుడు పందొమ్మిది. అమ్మ బయటికి పోయి వాంతి చేసుకుంది, నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏమైందిరా అని నాయన అడుగుతూనే ఉన్నాడు. ఏం లేదు నాయనా, కొంచెం దోక్కుపోయింది అన్నాను.

ఆ పుండు మానడానికి ఏడాది పట్టింది. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషికి తోకెముక, తుంటి, మడమల దగ్గర తోలు ఎముకకూ పరుపుకూ మధ్య నలుగుతుంది. నెత్తురు ఆడదు, కండ చస్తుంది. మనం నిద్రలో తెలియకుండానే వందసార్లు అటూ ఇటూ దొర్లుతాం. ఆయన దొర్లలేడు కాబట్టి ఆ పని ఇంకొకరు చేయాలి. రాత్రి పదికి, పన్నెండుకు, రెండుకు, నాలుగుకు. కూర్చున్నప్పుడైతే పావుగంటకో, ఇరవై నిమిషాలకో రెండు చేతుల మీద బలం పెట్టి పిర్రలు పైకెత్తాలి. చెట్టెక్కిన చేతులు కదా, ఆ పని మా నాయన అవలీలగా చేస్తాడు.

ఇది పేదవాళ్ల ఇళ్లలోనే జరిగేదని అనుకోకండి. సూపర్‌మ్యాన్ వేషం వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. డబ్బుకు కొదవ లేదు, నర్సులకు కొదవ లేదు. 2004లో చనిపోయేనాటికి ఆయన ఇలాంటి పుండుకు పట్టిన ఇన్ఫెక్షన్‌కే వైద్యం చేయించుకుంటున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో నడుము విరిగిన సైనికుల్లో చాలామంది వారాల్లో, నెలల్లో పోయారు. వాళ్లను చంపింది తూటా కాదు, వీపు మీది పుండ్లు, మూత్రంలో పట్టిన చీము. డాక్టర్లు కూడా ఇక ఆశ లేదనుకుని ఒక మూలన పడుకోబెట్టేవాళ్లు. 1944లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ అనే చోట లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరుకు అలాంటి వార్డు అప్పజెప్పారు. హిట్లర్ రోజుల్లో జర్మనీ వదిలి వచ్చిన యూదుడాయన. అక్కడ ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి మనిషినీ తిప్పాల్సిందే అన్నాడు. సరిగా తిప్పుతున్నారో లేదో చూడటానికి రాత్రిపూట తనే వార్డులోకి వచ్చేవాడు. మూలన పడేసినవాళ్లు బతికారు. బతికినవాళ్ల చేత బాణాలు వేయించాడు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే ఆ ఆసుపత్రి పచ్చికలో పదహారు మందితో విలువిద్య పోటీ పెట్టాడు. ఈ రోజు మన పిల్లలు పతకాలు తెస్తున్న పారాలింపిక్స్‌కు మొదలు అక్కడే. నేను ఈ కథ ఎన్నోసార్లు చదివాను. ప్రతిసారీ నాకు గుర్తుండేది పతకాలు కాదు, రాత్రి రెండు గంటలకు వార్డులోకి నడిచొచ్చిన ఆ డాక్టరే.

మూత్రం గురించి కూడా చెప్పాలి. సిగ్గుపడే విషయమని ఎవరూ మాట్లాడరు కాబట్టే మనుషులు పోతున్నారు. వెన్నుపాము దెబ్బతింటే మూత్రం వస్తున్నట్టు తెలియదు, వచ్చినా కడుపులోని మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. లోపల నిల్వ ఉంటే చీము పడుతుంది, రాళ్లు తయారవుతాయి, చివరికి కిడ్నీలు పోతాయి. ఆసుపత్రిలో వేసిన గొట్టం మా నాయనకు ఎనిమిది నెలలు అలాగే ఉంది. నెలకోసారి చలిజ్వరం. దుప్పట్లు కప్పినా మంచం ఊగేది. మలేరియా అని ఆర్ఎంపీ సూదులు వేసేవాడు.

ఎవరో చెప్తే తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లాం. కాట్‌పాడిలో రైలు దిగేసరికి తెల్లారింది. ప్లాట్‌ఫాం మీద సగం మంది తెలుగువాళ్లే, అందరి చేతుల్లోనూ ఎక్స్‌రే కవర్లే. అక్కడ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు విడిగా ఒక కేంద్రం ఉంది, 1966లో పెట్టారు. దాని వెనుక ఉన్న డాక్టర్ మేరీ వర్గీస్ కథ మీకు చెప్పాలి. 1954లో కారు ప్రమాదంలో ఆవిడకే నడుము కింద చచ్చుపడింది. ఆ తర్వాతే, వీల్‌ఛైర్‌లో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. అమెరికా పోయి చదువుకుని వచ్చి ఈ కేంద్రాన్ని నిలబెట్టింది. గోడ మీద ఆవిడ ఫొటో చూపించి ఈమె కూడా నీలాగేనని చెప్తే మా నాయన చాలాసేపు చూశాడు. "డాక్టరమ్మకే అయిందా" అన్నాడు. అంతకుముందు ఎనిమిది నెలలుగా ఆయన తన గురించి తప్ప ఇంకెవరి గురించీ ఒక్క మాట అడిగింది లేదు.

అక్కడ నేర్పింది చాలా చిన్న విషయం. గొట్టం ఎప్పుడూ ఉంచుకోవద్దు. నాలుగైదు గంటలకోసారి చేతులు సబ్బుతో కడుక్కుని, సన్నటి గొట్టం తనే పెట్టుకుని, మూత్రం తీసేసుకుని, మళ్లీ గొట్టం బయటికి తీసేయాలి. ఆపరేషన్ థియేటర్లో ఉన్నంత శుభ్రత అక్కర్లేదు, మామూలు శుభ్రత చాలు. 1972లో లాపిడెస్ అనే అమెరికన్ డాక్టరు ఈ మాట అన్నప్పుడు మిగతా డాక్టర్లు నమ్మలేదట. మేమూ నమ్మలేదు. మొదటిసారి నాయన తనంతట తానే చేసుకున్న రోజు, పట్టిన మూత్రాన్ని కొలిచే గ్లాసులో చూపించి "నాలుగు వందల మిల్లీ, రాసుకో" అన్నాడు. లొట్టి దించి కొలత చెప్పినట్టే ఉంది ఆ గొంతు. చలిజ్వరాలు ఆ నెల నుంచి తగ్గాయి.

ఇంత చిన్న పద్ధతి నేర్చుకోవడానికి మేం రాష్ట్రాలు దాటి పోవాల్సి వచ్చింది. మన జిల్లా ఆసుపత్రిలో నాలుగు మంచాలు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక నర్సు ఉంటే నేర్పించలేరా?

ఇంకో సంగతి, ఆశ గురించి. వేలూరుకు ముందు, ఒక రాత్రి నాయన కుడికాలు ఒక్కసారిగా ఎగిరింది. తర్వాత రెండోది. అమ్మ అరిచింది, "కాళ్లొచ్చినయి!" అని. వీధంతా వచ్చింది. తెల్లారేసరికి అమ్మ మా గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది. అది కాళ్లు రావడం కాదు. మెదడు అదుపు తప్పిన కండరాలు తమంతట తామే బిగుసుకుని ఎగరడం. దాన్ని తగ్గించే మాత్రలున్నాయి, కాళ్లు సాగదీసే కసరత్తులున్నాయి. ఈ సంగతి అమ్మకు చెప్పడం పుండు చూడటం కంటే కష్టమైంది. ఈ మధ్యలోనే వస్తారు చూడండి, తైలం పూస్తే నడిపిస్తామనేవాళ్లు. ఫోన్ చేసి స్టెమ్ సెల్స్ సూదులు ఉన్నాయి, కొన్ని లక్షలవుతుంది అన్నవాడూ ఉన్నాడు. వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ వైద్యానికి మన దేశంలో అనుమతి లేదు. ఎక్స్‌గ్రేషియా డబ్బు వచ్చిందని తెలిసిన ఇంటికే ఈ ఫోన్లు వస్తాయి. ఆ డబ్బు పోయే దారి అదే.

అలాగని ఎవరూ కోలుకోరని కాదు. వెన్నుపాము పూర్తిగా తెగని వాళ్లలో కొందరు మొదటి నెలల్లో మంచిగా కోలుకుంటారు, కర్రతో నడిచేవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ మొదటి నెలలు పుండుతో, జ్వరంతో మంచం మీద పోకూడదు.

మెడ విరిగినవాళ్ల సంగతి మా నాయన కంటే కష్టం. చేతులు కూడా పోతాయి, ఊపిరికీ ఇబ్బంది. అలాంటివాళ్లు మీ ఊళ్లో ఉంటే ఒక్క విషయం వాళ్ల ఇంట్లో చెప్పండి. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం మీద చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూడాలి. సాధారణంగా గొట్టమో, మలబద్ధకమో కారణం. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇప్పుడు డబ్బు. శాశ్వత వైకల్యానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా మీరు పోరాడి సాధించారు, కాదనను. కానీ అది ఒక్కసారి వచ్చేది. గాలి పరుపు, వీల్‌ఛైర్, గొట్టాలు, డైపర్లు, మాత్రలు, వీటన్నిటికీ మించి కూలి మానుకుని ఇంట్లో కూర్చున్న మా అమ్మ. పదకొండేళ్లుగా ఆమె ఒక్క పెళ్లికి కూడా రాత్రి ఉండలేదు. మన దగ్గర వికలాంగుల పింఛను 2023లో పెంచాక నెలకు 4,016 రూపాయలు. కర్రతో నడవగలిగినవాడికీ అంతే, మంచం దిగలేనివాడికీ అంతే. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికో వీల్‌ఛైర్‌కో పరిమితమైన పక్షవాతం రోగులకు 15,000 ఇస్తున్నారు, మామూలు వికలాంగులకు 6,000. వైకల్యం ఎంతో చూసి పింఛను ఇవ్వడం సాధ్యమేనని అక్కడ తేలింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్ ఉంది, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాల గురించి అందులో రాసే ఉంది. మన వినతిపత్రాల్లో ఆ సెక్షన్ పేరు నేను ఇంతవరకు చూడలేదు. జిరాక్స్‌కు నా దగ్గరికే వస్తాయి కదా, అన్నీ చదువుతాను.

సదరం క్యాంపు సంగతి కూడా మీరే అడగాలి. పోయినేడు ఒకాయన స్లాట్ కోసం అన్నను మంచంతో సహా ట్రాలీలో నా షాపు ముందుకు తెచ్చాడు. మనిషి ఇక్కడికి రానక్కర్లేదన్నా, ఆధార్ చాలు అన్నాను. "మరి క్యాంపుకు?" అన్నాడు. క్యాంపుకు తీసుకెళ్లాలి అన్నాను. ఆయన ఏమీ అనలేదు, ట్రాలీ వెనక్కి తిప్పుకున్నాడు. మంచం మీదున్నవాళ్ల ఇంటికే డాక్టరు వచ్చి చూసే ఏర్పాటు కావాలి.

ప్రభుత్వం చేసేదాకా సంఘం చేయగలిగింది తక్కువేం కాదు. మన మండలంలో చెట్టు మీంచి పడి బతికినవాళ్లు ఎందరు, ఎవరెవరు? చనిపోయినవాళ్ల జాబితా ప్రతి సంఘం దగ్గరా ఉంది, వీళ్ల జాబితా ఒక్కరి దగ్గరా లేదు. ముందు అది రాయండి. సంఘంలో మనిషికి నెలకు పది రూపాయలు పక్కన పెట్టినా మండలానికి రెండు గాలి పరుపులు, ఒక వీల్‌ఛైర్ కొనవచ్చు. ఒకరికి అవసరం తీరాక ఇంకొకరికి ఇవ్వవచ్చు. పడ్డ మొదటి వారమే ఆ పరుపు ఇంటికి చేరితే మేం చూసిన గుంత ఇంకో ఇంట్లో చూడరు. ప్రతి మండువ దగ్గర ఆరున్నర అడుగుల బల్ల ఒకటి గోడకు ఆనించి ఉంచండి. దాని మీద కూర్చుని కల్లు తాగినా నాకు అభ్యంతరం లేదు, అవసరమైనప్పుడు అక్కడే ఉంటే చాలు.

పరామర్శకు వచ్చేటప్పుడు అరటిపళ్లు తేకండి. మొదటి నెలలో మా ఇంట్లో అరటిపళ్లు కుళ్లిపోయాయి, రెండో ఏడాది మనిషి రాలేదు. ఆ రెండో ఏడాదిలోనే ఆయన చచ్చిపోతే బాగుండు అని రోజూ అనేవాడు. భార్యాభర్తల మధ్య సంగతులు కూడా ఉంటాయి, పడ్డవాడు నలభై ఏళ్లవాడైతే అదీ ఒక కుంగుబాటే. దానికీ డాక్టర్లున్నారు, మాట్లాడేవాళ్లే లేరు. వస్తే పని పట్టుకుని రండి. మా నాయనకు అలాగే జరిగింది. ఒక రోజు మా బాబాయి కల్లుకత్తి తెచ్చి, పదును రావడం లేదు, కాస్త చూడు అని ఇచ్చిపోయాడు. ఇప్పుడు నాలుగు ఊళ్ల కత్తులు మా వాకిట్లోకే వస్తాయి. నూరి, గోటి మీద పెట్టి పదును చూసి, బాగా లేకపోతే మళ్లీ నూరుతాడు. తొందరగా ఇవ్వమంటే తిడతాడు. కొత్తగా గీతకొచ్చిన కుర్రాళ్లను కిట్టు వేసుకున్నావా అని అడిగి, లేదంటే కత్తి ఇవ్వడు.

ఈ నెల ఆఖరి ఆదివారం మండల సంఘం మీటింగు ఉందని తెలిసింది. నాకు అరగంట ఇవ్వండి. చెక్క తలుపు నేను తెస్తాను, పడ్డవాడిలా పడుకోవడానికి ఒక కుర్రాణ్ణి మీరు చూడండి. నాయన కూడా వస్తానంటున్నాడు. ఎత్తేటప్పుడు మీరు చేసే తప్పులు ఆయనే చెప్తాడట. మీటింగు మాత్రం ఆఫీసులో వద్దు, చెట్ల కింద పెట్టండి. ఆఫీసుకు నాలుగు మెట్లున్నాయి.

ఇట్లు,
మీసేవ కౌంటర్ దగ్గర కూర్చునే మీ గీత కార్మికుడి కొడుకు